బెంచీ నుంచి కుర్చీ దాకా



హన్మకొండ నుంచి కరీంనగర్ రోడ్డు పట్టుకొని వస్తే కాకతీయ విశ్వవిద్యాలయం దాటాక భీమారం, ఆ తరవాత ఎర్రగట్టు గుట్ట, ఇంకాస్త ముందుకు వస్తే మా హసన్‌పర్తి. గుట్ట మీద వేంకటేశ్వరస్వామి ఉన్నాడు. గుట్టకు ఎదురుగా 1980లో పెట్టిన కాకతీయ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్ ఉంది. అందరం కిట్స్ అనే అంటాం. ఊరు దాటితే అనంతసాగరం. అక్కడి ఇంజనీరింగ్ కాలేజీ 2020లో ఎస్సార్ యూనివర్సిటీ అయింది. ఒక మండలం, ఒక రోడ్డు, దాని పొడుగునా చదువుల గేట్లు. తెలంగాణలో ఇంత తక్కువ దూరంలో ఇన్ని ఉన్నత విద్యాసంస్థలున్న చోట్లు కొన్నే.

పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో ఈ రోడ్డు మీద నిలబడి చూడండి. ఆర్టీసీ బస్సు దిగేవాళ్ళలో, షేర్ ఆటోలో ఇరుక్కొని వచ్చేవాళ్ళలో చింతగట్టు, పెగడపల్లి, మడిపల్లి పిల్లలుంటారు. పరకాల, ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లోనో అద్దె గదిలోనో ఉండి చదివేవాళ్ళుంటారు. మాదిగ, మాల ఇండ్ల పిల్లలు, గొల్ల కురుమల పిల్లలు, సాలోళ్ళ పిల్లలు, తండాల నుంచి వచ్చిన లంబాడీ అమ్మాయిలు, గూడేల నుంచి వచ్చిన కోయ పిల్లగాళ్ళు. చాలామంది ఇంట్లో డిగ్రీ మెట్టు ఎక్కిన మొదటి మనిషి వాళ్ళే. ఇది ఊరికే వచ్చింది కాదు. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, ఎన్టీ రామారావు కాలంలో ఎస్.ఆర్.శంకరన్ వంటి అధికారి పూనికతో వేళ్ళూనుకున్న సాంఘిక సంక్షేమ గురుకులాలు, 2008 ప్రాంతంలో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్, 2016లో తెలంగాణ ప్రభుత్వం ఆడపిల్లల కోసం ఒక్కసారే తెరిచిన 30 సాంఘిక సంక్షేమ డిగ్రీ గురుకులాలు, ఇన్ని కలిస్తేనే ఈ పిల్లలు ఈ రోడ్డు మీదికి వచ్చారు.

ఈ పిల్లలు తరగతిలో కూర్చున్నాక ఎదురుగా నిలబడి పాఠం చెప్పేది ఎవరు? ఆ కాలేజీకి ప్రిన్సిపల్ ఎవరు, ఆ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ ఎవరు? ఇవాళ మీ ముందు ఈ ప్రశ్న పెడదామని వచ్చాను.

కేంద్ర విద్యాశాఖ ఏటేటా ఉన్నత విద్య మీద ఒక సర్వే చేయిస్తుంది. 2021-22 సర్వే ప్రకారం దేశంలో 4 కోట్ల 33 లక్షల మంది ఉన్నత విద్యలో ఉన్నారు. వాళ్ళలో ఎస్సీలు 66 లక్షలు, ఎస్టీలు 27 లక్షలు, ఓబీసీలు కోటీ 63 లక్షలు. పద్దెనిమిది నుంచి ఇరవై మూడేళ్ళ వయసువాళ్ళ లెక్కన చూస్తే నూటికి సగటున 28 మంది కాలేజీ దాకా వస్తుంటే, ఎస్సీల్లో 26 మంది దాకా, ఎస్టీల్లో 21 మంది వస్తున్నారు. దూరం ఉంది, కానీ తగ్గుతోంది. ఇక పాఠం చెప్పేవాళ్ళను చూద్దాం. అదే సర్వేలో అధ్యాపకులను కులాల వారీగా లెక్కగట్టారు. నూరుగురు అధ్యాపకులుంటే ఎస్సీలు తొమ్మిదిమంది, ఎస్టీలు ఇద్దరో ముగ్గురో. దేశ జనాభాలో చూస్తే ఎస్సీలు నూటికి పదహారుమందికి పైనే, ఎస్టీలు ఎనిమిదిమందికి పైనే. అంటే విద్యార్థిగా వచ్చినంత తేలికగా ఈ బిడ్డ గురువుగా రావడం లేదు. గురువుల్లోనే లేనప్పుడు డీన్‌లలో, రిజిస్ట్రార్లలో, వైస్ చాన్సలర్లలో ఎక్కడుంటారు?

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో హిస్పానిక్ జనం ఉన్నారు. మెక్సికో, ప్యూర్టోరికో, క్యూబా, ఇంకా స్పానిష్ మాట్లాడే ఇతర ప్రాంతాల మూలాలున్నవాళ్ళు. ఆ దేశంలో ఐదుగురిలో ఒకరు వాళ్ళే. డిగ్రీ చదివే పిల్లల్లోనూ దాదాపు అంతే. కానీ 2022లో అక్కడ కాలేజీల అధ్యక్షుల మీద చేసిన సర్వేలో హిస్పానిక్ అధ్యక్షులు నూటికి ఆరుగురే తేలారు. వాళ్ళు ఊరుకోలేదు. 1986లో టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో హిస్పానిక్ విద్యార్థులు ఎక్కువగా ఉన్న కాలేజీలు, విశ్వవిద్యాలయాలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. 1992లో ఆ సంస్థలకు ఉన్నత విద్యా చట్టంలోనే చోటు దొరికింది. డిగ్రీ విద్యార్థుల్లో పావువంతు హిస్పానిక్‌లు ఉంటే ఆ సంస్థకు ప్రత్యేక గుర్తింపు, గ్రాంట్లు. ఇవాళ అలాంటివి ఆరువందల దాకా ఉన్నాయి. మన వరంగల్ పిల్లలు మాస్టర్స్ కోసం వెళ్ళే యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్, టెక్సస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్ కూడా అందులోనివే. హసన్‌పర్తి నుంచి వెళ్ళిన పిల్లవాడు అక్కడ ల్యాబులో ఎవరి పక్కన కూర్చుంటున్నాడో చూడండి. పొలంలో కూలి చేసిన తండ్రికి పుట్టి, ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చిన బిడ్డ పక్కన. 2025 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం ఈ సంస్థలకూ, ఇలాంటి మరికొన్నిటికీ ఇచ్చే సుమారు 35 కోట్ల డాలర్ల గ్రాంట్లను ఆపేసింది. సాధించుకున్నదాన్ని నిలబెట్టుకోవడానికి వాళ్ళు మళ్ళీ మొదటినుంచి కొట్లాడుతున్నారు.

వాళ్ళలో ఒకాయన గురించి చెప్పాలి. తొమాస్ రివేరా. 1935లో టెక్సస్‌లోని క్రిస్టల్ సిటీ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తల్లిదండ్రులు మెక్సికో నుంచి వచ్చిన వ్యవసాయ కూలీలు. పంటకాలం వస్తే కుటుంబమంతా ఉత్తరాదికి, అయోవా, మిన్నెసోటా వంటి రాష్ట్రాలకు వలస. మన పాలమూరు వలస కుటుంబాలకు ఈ బతుకు వివరించి చెప్పనక్కరలేదు. బడి సగంలో వదిలి పోవడం, కోతలయ్యాక తిరిగి వచ్చి తప్పిపోయిన పాఠాలు అందుకోవడం. ఆ పిల్లవాడు బడిపంతులయ్యాడు, 1969లో డాక్టరేట్ తీసుకున్నాడు, నవల రాశాడు. 1979లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ ప్రాంగణానికి చాన్సలర్ అయ్యాడు. ఆ విశ్వవిద్యాలయ వ్యవస్థలో అంత పదవికి వచ్చిన తొలి మెక్సికన్ అమెరికన్ ఆయనే. 1984లో, యాభై ఏళ్ళు కూడా నిండకుండా, ఆ పదవిలో ఉండగానే పోయాడు. ఆ ప్రాంగణంలోని గ్రంథాలయానికి ఇవాళ ఆయన పేరే.

రివేరా కన్నా ఏడాది ముందు, 1934 ఆగస్టు 6న, మనకు ఎంతో దూరం లేని ఆత్మకూరు మండలం అక్కంపేటలో ఒక విశ్వబ్రాహ్మణ కుటుంబంలో ఒక బిడ్డ పుట్టాడు. కొత్తపల్లి జయశంకర్. తెలంగాణ సిద్ధాంతకర్తగా ఆయన్ను ఎరగనివాళ్ళు లేరు. కానీ ఆ వెలుగులో ఆయన జీవితంలో ఇంకో సగం మరుగున పడిపోయింది. ఆయన వృత్తి చదువు. బడిపంతులుగా మొదలై, అర్థశాస్త్రంలో పరిశోధన చేసి, వరంగల్ సీకేఎం కాలేజీకి ప్రిన్సిపల్ అయ్యారు. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయానికి తొలినాళ్ళలోనే రిజిస్ట్రార్‌గా వెళ్ళారు. తరవాత హైదరాబాద్‌లో ఇంగ్లీషు, విదేశీ భాషలు బోధించే సీఫెల్‌కు, ఇప్పటి ఇఫ్లూకు, తొమ్మిదేళ్ళపాటు రిజిస్ట్రార్. 1991లో కాకతీయకు వైస్ చాన్సలర్‌గా తిరిగి వచ్చారు. చేతివృత్తుల కులంలో పుట్టిన పల్లెటూరి మనిషి, ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడిట్లోనూ ధారాళంగా మాట్లాడగలిగిన మనిషి, తన ఊరికి దగ్గరలోని విశ్వవిద్యాలయానికి పెద్ద అయ్యాడు.

ఉద్యోగాల లెక్కలు, నీళ్ళ లెక్కలు, నిధుల లెక్కలు ఆయన నోటిమీద ఉండేవి. అవి ఒక పరిశోధకుడు సంపాదించిన లెక్కలు. తెలంగాణ వాదానికి అంత గట్టి పునాది పడిందంటే, ఒక బీసీ బిడ్డ విశ్వవిద్యాలయంలో కుర్చీ దాకా రాగలిగాడు గనకనే అని నేను నమ్ముతాను. అటువంటి మనిషి ఒక్కడు కుర్చీలో కూర్చుంటే జ్ఞానం ఏ దిక్కుకు తిరుగుతుందో చూడటానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం మనకు వేరే అక్కరలేదు.

మన ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచే ఇంకొకరు. చెన్నారావుపేట మండలం పాపయ్యపేటలో కురుమ గొల్లల ఇంట పుట్టిన కంచ ఐలయ్య. ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం ఆచార్యులుగా పనిచేశారు. ఆయన వాదనలతో ఏకీభవించేవాళ్ళున్నారు, గట్టిగా వ్యతిరేకించేవాళ్ళూ ఉన్నారు. కానీ గొర్ల కాపరుల, కుమ్మరుల, చాకళ్ళ పనిలో ఉన్న జ్ఞానాన్ని విశ్వవిద్యాలయ చర్చలోకి తెచ్చింది ఆ నేపథ్యమున్న ఆచార్యుడే. ములుగు దగ్గర జగ్గన్నపేట కోయ బిడ్డ సీతక్క, అడవిలో తుపాకీ పట్టిన మనిషి, బయటికి వచ్చి న్యాయశాస్త్రం చదివి, ఎమ్మెల్యేగా ఉంటూనే 2022లో ఉస్మానియా నుంచి రాజనీతిశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. ఆమె పరిశోధించింది వరంగల్, ఖమ్మం జిల్లాలకు వలస వచ్చిన గొత్తికోయల బతుకు మీద. గొత్తికోయల గురించి మైదానపు పరిశోధకుడు రాయలేడని నేను అనను. రాయాలన్న ఆలోచన ముందు ఎవరికి వస్తుందన్నదే నేను చూస్తున్నాను.

2024 అక్టోబరులో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి సివిల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు కుమార్ మొలుగారం వైస్ చాన్సలర్ అయ్యారు. ఆ కుర్చీలో ఒక దళితుడు కూర్చోవడం వందేళ్ళు దాటిన ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో అదే మొదటిసారి అని పత్రికలన్నీ రాశాయి. 1953 జనవరిలో అదే ఉస్మానియా డాక్టర్ అంబేడ్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. గౌరవం ఇవ్వడానికీ కుర్చీ ఇవ్వడానికీ మధ్య డెబ్బై ఒక్క సంవత్సరాలు పట్టింది.

ఎందుకింత ఆలస్యం? అర్హులు లేరు అనే జవాబు చాలామంది నోట వింటాం. నేను ఈ చుట్టుపక్కల డిగ్రీ పిల్లలకు చాలాకాలం పాఠాలు చెప్పినవాణ్ణి. అర్హులు లేకపోవడం నేను చూడలేదు. దారిలో రాలిపోయినవాళ్ళను చూశాను.

మొదట రాలేది కాగితాల దగ్గర. ఈ సంగతి బయటివాళ్ళకు అంతగా తెలియదు గనక కాస్త వివరంగా చెబుతాను. స్కాలర్‌షిప్ కావాలంటే ఈపాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టాలి. దానికి కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ మీసేవలో పెట్టి తహసీల్దారు ఆఫీసు నుంచి తెచ్చుకోవాలి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఏడాది ఆదాయం 2 లక్షలు, బీసీలకు పల్లెల్లో లక్షన్నర దాటకూడదు. ఆధార్ బ్యాంకు ఖాతాకు కలిసి ఉండాలి. మీసేవలో వేలిముద్ర పడాలి. పత్తి ఏరి, మిర్చి కోసి అరిగిన వేళ్ళకు ముద్ర ఒక్కోసారి పడదు. కాగితాలన్నీ కాలేజీలో ఇస్తే అక్కడి నుంచి సంక్షేమ శాఖకు పోవాలి. హాజరు 75 శాతం ఉండాలి. ఇన్నీ సరిపోయాక ప్రభుత్వం నుంచి డబ్బు రావాలి. అది ఒక ఏడాది ఆలస్యమైతే యాజమాన్యం పిల్లవాణ్ణి పట్టుకుంటుంది. కోర్సు అయిపోయినా ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతికి రావు.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయికి పీజీ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలన రోజు దగ్గర పడింది. డిగ్రీ చదివిన ప్రైవేటు కాలేజీ ఫీజు బకాయి కడితేనే మెమోలు ఇస్తానంది. ఆ అమ్మాయి నా ఎదుటే తండ్రికి ఫోన్ చేసింది. "బాపూ, పైసలు కడితెనే కాయిదాలు ఇస్తరట. గవర్నమెంటు పైసలు అచ్చినంక మల్ల ఇస్తమంటుండ్రు." అవతల ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "బర్రెను అమ్ముదాం బిడ్డా, నువ్వు ఫికర్ జెయ్యకు" అన్నాడు. బర్రె అమ్మారు. ఆ అమ్మాయి పీజీలో చేరింది. ఇంట్లో బర్రె లేని అమ్మాయి చేరదు. ఆమెను ఏ సర్వే కూడా అర్హులు లేరన్న ఖాతాలో తప్ప ఇంకోచోట రాయదు.

రెండో రాలుడు క్యాంపస్‌లో. పెద్ద సంస్థల్లో చేరిన పిల్లవాణ్ణి హాస్టల్లో మొదట అడిగే ప్రశ్న "నీ ర్యాంకెంత?" అడిగేది ర్యాంకు, తెలుసుకునేది కులం. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్య చేసుకున్నప్పుడు దేశమంతా కదిలింది. అప్పటి కన్నీళ్ళు ఆరాయి, రాలిపోవడం ఆగలేదు. 2023 డిసెంబరులో కేంద్రం లోక్‌సభకు చెప్పిన లెక్క ప్రకారం, అంతకుముందు ఐదేళ్ళలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంలలో చదువు మధ్యలో మానేసిన ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు 13 వేలకు పైనే.

ఇవన్నీ దాటి పీహెచ్‌డీ పట్టా చేతికి వచ్చిందనుకుందాం. అక్కడ మూడో అడ్డం. రోస్టర్, అంటే ఏ పోస్టు ఏ వర్గానికి వస్తుందో చెప్పే వరస. ఈ మాట వినగానే చాలామంది రేడియో గొంతు తగ్గిస్తారేమో, కానీ ఒక్క నిమిషం ఓపిక పట్టండి. 2018 మార్చిలో యూజీసీ ఒక ఉత్తర్వు ఇచ్చింది. రిజర్వేషన్ లెక్కకు విశ్వవిద్యాలయాన్ని మొత్తంగా తీసుకోవద్దు, ఒక్కో విభాగాన్ని విడిగా తీసుకోవాలి అంది. విభాగంలో నియామకాలను వరసగా లెక్కపెడితే నాలుగోది ఓబీసీకి, ఏడోది ఎస్సీకి, పద్నాలుగోది ఎస్టీకి. మన విశ్వవిద్యాలయాల్లో ఒక విభాగానికి ఆరు పోస్టులుంటే అదే గొప్ప. అంటే ఆ విభాగం మొదటి ఆరు పోస్టులు నింపుకున్నాక ఒకరు రిటైరైతే తప్ప ఎస్సీ వంతు రాదు. ఎస్టీ వంతు రావాలంటే ఒక తరం పోవాలి. చట్టంలో 15 శాతం, ఏడున్నర శాతం అలాగే ఉంటాయి, విభాగంలో మాత్రం మనిషి కనపడడు. దేశమంతటా అధ్యాపకులు, విద్యార్థులు రోడ్డెక్కారు. 2019లో పార్లమెంటు చట్టం చేసి, కేంద్ర సంస్థల్లో మొత్తం సంస్థనే ఒక యూనిట్‌గా లెక్కించాలని సరిచేసింది. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలన్న ఒక్క వాక్యం మీద వేలమంది బతుకులు ఆధారపడ్డాయి. ఇలాంటి వాక్యాలు రాసే కమిటీల్లో మనవాళ్ళుండాలని అనేది అందుకే.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సమస్య ఇంకా మొరటుది. నియామకాలే లేవు. కాకతీయతో సహా మన విశ్వవిద్యాలయాల్లో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో ఎక్కువ భాగం ఏళ్ళ తరబడి ఖాళీ. 2022 సెప్టెంబరులో శాసనసభ ఉమ్మడి నియామక బోర్డు బిల్లు ఆమోదించింది, అది గవర్నర్ దగ్గర ఆగిపోయింది. ఈలోగా పాఠాలు చెబుతున్నది కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులు. వాళ్ళలో ఎస్సీ, ఎస్టీ, బీసీ బిడ్డలు ఎందరో. నెట్, సెట్ పాసై, పీహెచ్‌డీ చేసి, జుట్టు నెరిసినా పార్ట్‌టైమే. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితేనే అసోసియేట్ అవుతారు, ఆ తరవాతే ప్రొఫెసర్. ప్రొఫెసర్‌గా పదేళ్ళు ఉంటేనే వైస్ చాన్సలర్ పదవికి పేరు పరిశీలిస్తారు. కింది మెట్టు తీసేసి పై మెట్టు మీద మనవాళ్ళు ఎందుకు లేరని అడిగితే ఏం లాభం? ఇప్పుడు నియామకాలు జరగకపోతే 2045లో కూడా మనం మొట్టమొదటి దళిత వైస్ చాన్సలర్, మొట్టమొదటి ఆదివాసీ వైస్ చాన్సలర్ అన్న వార్తలే చదువుకుంటూ ఉంటాం.

2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. అత్యంత వెనకబడిన కులాలకు ఒక శాతం, రెండో గ్రూపుకు తొమ్మిది, మూడో గ్రూపుకు ఐదు. ముప్ఫై ఏళ్ళ పోరాటం ఫలించింది. కానీ పంచుకోవడానికి పోస్టులుంటేనే గదా పంపకానికి అర్థం. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కోసం 2014 విభజన చట్టంలో మాట ఇచ్చారు, పార్లమెంటు ఆమోదం వచ్చేసరికి 2023 డిసెంబరు. జాకారంలో తాత్కాలిక భవనంలో తరగతులు మొదలయ్యాయి. కొత్త విశ్వవిద్యాలయం అంటే నియామకాలన్నీ కొత్తగా జరిగే చోటు. అక్కడ మొదటి రోజు నుంచే కోయ, గోండు, లంబాడీ అధ్యాపకులు తగినంతమంది ఉండేలా చూడటం ఇప్పుడైతేనే సాధ్యం. ఒకసారి కుర్చీలు నిండాక మళ్ళీ పాతికేళ్ళు ఆగాలి.

ప్రభుత్వానికి నేను చేసే విన్నపం పెద్దది కాదు. స్కాలర్‌షిప్ బకాయి ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య లెక్క. దానికోసం పిల్లల సర్టిఫికెట్లు ఆపడాన్ని గట్టిగా నిషేధించండి, ఆపినచోట చర్య తీసుకోండి. ఖాళీ పోస్టులకు నోటిఫికేషన్ ఇవ్వండి.

ఇక డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండి ఈ ప్రసంగం వింటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. డిగ్రీతో ఆగకండి. నెట్ పరీక్షకు ఇప్పటినుంచే చదవండి. పీహెచ్‌డీలో చేరే ఎస్సీ విద్యార్థులకు ఏటా రెండువేల జాతీయ ఫెలోషిప్‌లు, ఎస్టీ విద్యార్థులకు 750 ఉన్నాయి. మొదటి రెండేళ్ళు నెలకు 37 వేల రూపాయలు వస్తాయి. ఓబీసీలకు వేరే ఫెలోషిప్ ఉంది. విదేశంలో పీజీ చేయాలనుకునే ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద, బీసీలకు జ్యోతిబా ఫూలే పథకం కింద రాష్ట్ర ప్రభుత్వం 20 లక్షల దాకా ఇస్తుంది. వివరాలు హన్మకొండ కలెక్టరేట్‌లోని సంక్షేమ శాఖ ఆఫీసులో అడగండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఆఖరి రోజు దాకా ఆగకుండా ఇప్పుడే తీసి పెట్టుకోండి. దరఖాస్తు నింపడం రాకపోతే మీ సీనియర్‌ను అడగండి. సీనియర్లూ, అడిగిన పిల్లలను తిప్పి పంపకండి.